ఆడపిల్లల్లో ఫస్టు

మా లెక్కల మాస్టారు మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇంకాసేపట్లో ఆయన్ని తిట్టబోతున్నాను, తిట్టేటప్పుడు అవతలివాళ్ల మంచితనం నాకు గుర్తుండదు. కోపం ముక్కు మీదే ఉంటుంది నాకు. ఆడవాళ్ల జుట్టు కత్తిరించే దుకాణం నాది. పొద్దున తలుపు తీసింది మొదలు చేతిలో కత్తెరా, నోట్లో నాలుకా రెండూ ఆడుతూనే ఉంటాయి. చిన్నప్పుడు ఇంట్లో నన్ను వసపిట్ట అనేవాళ్లు. మా అక్కకి మాత్రం ఎవరూ ఏ ముద్దుపేరూ పెట్టలేదు. పెట్టాలంటే ఆ మనిషి ఏదో ఒక అల్లరి చెయ్యాలి కదా. అక్క గోడ పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది.

అక్క ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తోంది. ముందు గదిలో గోడల నిండా ఫ్రేములు, మధ్య చీకటి గదిలో కళ్లు పరీక్ష చేసే డాక్టరు, వెనక ఇరుకు గదిలో అక్క. అక్కడ నీళ్లతో తడుస్తూ తిరిగే సానచక్రం ఒకటి ఉంటుంది. దాని మీద అద్దం అంచు అరగదీసి ఫ్రేములో కూర్చేది అక్కే. ఫ్రేము కాడల్ని వేడిగాలికి పట్టి, మెత్తబడగానే చెవికి తగ్గట్టు వంచుతుంది. కంటికి ఆనని మరలు నేల మీద పడితే అయస్కాంతం ముక్కకి దారం కట్టి గదంతా ఈడుస్తుంది. అంతా అయ్యాక వచ్చినవాళ్ల ముఖానికి రెండు చేతులతో జోడు తొడిగి, చెవుల వెనక వేలు పెట్టి చూసి, నొక్కుతోందా అని అడుగుతుంది. కొత్త జోడు పెట్టుకున్నవాళ్లకి మొట్టమొదట స్పష్టంగా కనబడేది అక్క ముఖమే. అందం పంచేటప్పుడు దేవుడు మా ఇద్దరి దగ్గరా పిసినారితనమే చూపించాడు కాబట్టి, పాపం వాళ్లు అక్కడితో సర్దుకుపోవాలి.

మేం పెరిగింది సైకిళ్ల దుకాణం పైన రెండు గదుల్లో. నాన్న బస్సు డ్రైవరు. అమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. ఇంట్లో ఉన్నది ఒక్కటే బల్ల. తిండీ దాని మీదే, ఇస్త్రీ దాని మీదే, మా చదువులూ దాని మీదే. కింద నుంచి రబ్బరు అతికే జిగురు వాసన వస్తుండేది. అక్క నాకంటే రెండు క్లాసులు పైన. నాకు లెక్కలంటే ఆమడ దూరం. నా హోంవర్కు అక్క చేసిపెడితే మక్కీకి మక్కీ దింపేసి, దుప్పటి ముసుగు తన్నేదాన్ని. అక్క మాత్రం లేచేది కాదు. జవాబు వచ్చేసిన లెక్కనే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టేది. జవాబు తప్పొచ్చిందేమో అనుకున్నాను మొదట్లో. తప్పు కాదట. ఇంకో దారిలో వెళ్లినా అదే జవాబు వస్తుందా అని చూస్తోందట. వస్తే దాని ముఖం ఎలా వెలిగిపోయేదో చెప్పలేను. చేరాల్సిన చోటికి చేరాక మళ్లీ వెనక్కి వెళ్లి వేరే సందులోంచి రావడం ఏం సరదానో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకు లెక్కలు నిజంగానే రావు. ఆ సంగతి నాకు తెలుసు, మాస్టారికి తెలుసు, ఆయన నన్ను ఎక్కించిన బెంచీలన్నిటికీ తెలుసు.

ఆ మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. మా స్కూల్లో ఆడపిల్లలు కిటికీల వైపు, మగపిల్లలు గోడ వైపు కూర్చునేవాళ్లు, మధ్యలో దారి. మార్కులు చెబితే పిల్లలు పోట్లాడుకుంటారని ఆ స్కూల్లో అంకెలు వేసేవాళ్లు కాదు, ఎ, బి, సి అని అక్షరాలే. పేపర్లు కూడా మా చేతికిచ్చేవాళ్లు కాదు. పరీక్ష దిద్దేశాక మాస్టారు వచ్చి ఆ మధ్య దారిలో నిలబడేవారు. ముందు కిటికీల వైపు తిరిగి, ఆడపిల్లల్లో ఫస్టు ఫలానా, సెకండు ఫలానా అని చదివేవారు. తర్వాత మొత్తం మనిషి అటు తిరిగి, మగపిల్లల్లో ఫస్టు ఫలానా అని మొదలుపెట్టేవారు. ప్రశ్నాపత్రం ఒక్కటే, గది ఒక్కటే, గంట ఒక్కటే. ఫస్టులు మాత్రం రెండు. అలా ఎందుకని అడిగినవాళ్లు లేరు. సూర్యుడు తూర్పున ఎందుకు పొడుస్తాడని అడుగుతామా?

అక్క ఎప్పుడూ ఆడపిల్లల్లో ఫస్టే. మగపిల్లల్లో ఫస్టు వచ్చే అబ్బాయి ఒకడుండేవాడు. వాడి అసలు పేరు అందరూ మర్చిపోయారు, ఫస్టు అనే పిలిచేవాళ్లు. ఒరేయ్ ఫస్టూ, బంతి ఇటు వెయ్యరా అనేవాళ్లు. మా అక్కని ఎవరూ అలా పిలవలేదు. అది ఆడపిల్లల్లో ఫస్టు కదా, అంత పొడుగు పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?

వాడు లెక్క తప్పు చేస్తే మాస్టారు నవ్వేవారట. వీడి బుర్ర ముందు పరిగెడుతుంది, చెయ్యి వెనకబడుతుంది అనేవారట. అక్క తప్పు చేస్తే నవ్వేవారు కాదు. ఇది కాస్త కష్టం లెక్కేలే అమ్మా, ఫరవాలేదు అనేవారు. వాడు ఒప్పు చేస్తే బుర్ర, అక్క ఒప్పు చేస్తే శ్రద్ధ. ఈ శ్రద్ధ అనే మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నా దుకాణంలో పనికి చేరిన అమ్మాయిల్ని నేను ఏమైనా అంటాను గానీ శ్రద్ధగా చేస్తున్నావు అని మాత్రం అనను. శ్రద్ధ అంటే ఏమిటి? దీనికి లేనిదేదో ఉంది, దాన్ని కష్టంతో కప్పుకుంటోంది అనే కదా. అక్క అలాగే అర్థం చేసుకుంది. ఇంకో దారి వెతుక్కునే పిల్లకి శ్రద్ధ అని పేరు పెట్టడం మాస్టారికే చెల్లింది.

స్కూలు ఆఖరి రెండేళ్లకి లెక్కల సెక్షన్ అని ఒకటి వేరే ఉండేది. అందులో చేరితేనే తర్వాత ఇంజనీరింగో, సైన్సో, ఏదైనా. చేరకపోతే లెక్కలకి అక్కడితో దండం. ఆడపిల్లలు చేరకూడదని ఎక్కడా లేదు. ఎవరైనా లేచి నిలబడి పేరు ఇవ్వొచ్చు. నాన్న మాస్టారి దగ్గరికి వెళ్లి అడిగితే, మీ అమ్మాయికి చాలా శ్రద్ధండీ, ఆడపిల్లల్లో ఫస్టు, కానీ అక్కడ పోటీ మగపిల్లలతో, కాస్త ఆలోచించుకోండి అన్నారట. నాన్న నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికొచ్చి అదే మాట అక్కకి చెప్పి, నీ ఇష్టం తల్లీ, నువ్వెలా అంటే అలా అన్నాడు.

అక్క జన్మలో ఒక్కసారి ధైర్యం చేసింది. స్కూలు వదిలాక మాస్టర్ల గది బయట చాలాసేపు నిలబడింది. నేను దాని సంచీ మోస్తూ పక్కన ఉన్నాను. ఆయన కుళాయి దగ్గర చేతుల సుద్ద కడుక్కుంటుంటే దగ్గరికెళ్లి అడిగింది.

"మాస్టారూ, అందర్నీ కలిపి చూస్తే నేనెన్నో దాన్ని?"

ఆయన జేబురుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. నిజంగా ప్రేమగానే నవ్వారు.

"ఆ పోలిక మనకెందుకమ్మా? ఆడపిల్లల్లో ఫస్టువి. అది చాలదూ?"

తల మీద చెయ్యేసి వెళ్లిపోయారు. దారిలో నేను మాస్టారిని అనాల్సిన మాటలన్నీ అంటూ నడిచాను. సైకిళ్ల దుకాణం మెట్ల దగ్గరికి వచ్చాక అక్క, పాపం, ఎన్నోదాన్నో చెబితే నేను బాధపడతానని దాచారే అంది. ఎంత మంచివారో అని కూడా అంది. మర్నాడు క్లాసులో పేర్లు అడిగినప్పుడు ఫస్టు లేచాడు, వాడి వెనక మగపిల్లలు చాలామంది లేచారు, బొటాబొటీగా పాసయ్యే వాళ్లు కూడా లేచారు. అక్క లేవలేదు. అక్క లేవలేదని మిగతా ఆడపిల్లలూ లేవలేదు. ఫస్టు వచ్చినదే కూర్చుంటే సెకండు ఎందుకు లేస్తుంది?

ఆ తర్వాత అక్క లెక్కలు చెయ్యడం నేను చూడలేదు. మానేసిందంటే మానేసింది. కాలేజీలో ఏదో చదివింది, చదివినట్టు దానికే గుర్తులేదు. కళ్లజోళ్ల దుకాణంలో చేరింది, పెళ్లి చేసుకుంది. బావ ఫ్రిజ్జులు బాగుచేస్తాడు, మంచివాడు, మాట తక్కువ. వాళ్లకి ఒక్కతే కూతురు, చిట్టి. అక్క కాపురంలో నేను వేలు పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నాలాంటిదానికి అది కాస్త నిరాశే.

చిట్టి పిచ్చి వేరే రకం. బొమ్మ వెయ్యమంటే దారులు వేసేది. మంచం దగ్గర్నుంచి వంటింటికి ఎలా వెళ్లాలో, వాళ్లింటి నుంచి నా దుకాణానికి ఎన్ని మలుపులో, ఏ మలుపు దగ్గర కుక్క పడుకుంటుందో గీసిపెట్టేది. కొత్త ఊరికి వెళ్తే ముందు ఏదో ఒక మేడ ఎక్కించమని ప్రాణం తీసేది. రోడ్డు పక్కన మూడుకాళ్ల స్టాండు మీద దుర్భిణీ లాంటిది పెట్టి భూమి కొలిచేవాళ్లు కనబడితే ఇక అక్కణ్నించి కదిలేది కాదు. వాళ్లలో ఒకాయన ఒకసారి దాన్ని ఎత్తి అందులోంచి చూడనిచ్చాడు. పెద్దయ్యాక నేనిదే అవుతాను పిన్నీ అంది నాతో. సర్వేయరు అంటే ఎండలో మాడిపోవడమే, నల్లబడితే నా దగ్గర ఏ క్రీమూ లేదు అన్నాను.

లెక్కల్లో చిట్టి బాగానే ఉండేది. అయితే పద్నాలుగో ఏట ఒక పరీక్ష తన్నేసింది. ఎందుకు తన్నేసిందో దేవుడికే తెలియాలి, జ్వరమో, నిద్రలేమో, పేపరు రెండోవైపు చూసుకోలేదో. సాయంత్రం నేను వెళ్లేసరికి వాళ్ల వంటింట్లో నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అక్క పక్కనే కూర్చుని దాని జుట్టు నిమురుతోంది. కడుపున పుట్టిన పిల్ల అలా ఏడుస్తుంటే ఏ తల్లికైనా ఏం తోస్తుంది? ముందు ఆ ఏడుపు ఆగాలి, అంతే.

"ఊరుకో తల్లీ. మన ఇంట్లో ఆడవాళ్లకి లెక్కలు అంతవరకే. నేనూ అంతే. ఆడపిల్లల్లో ఫస్టు దాకా వెళ్లాను, అక్కడితో ఆగిపోయింది. పిన్నిని చూడు, దానికి అదీ లేదు. మనం ఏమైనా చచ్చిపోయామా?"

చిట్టి ఏడుపు ఆపేసింది. ఎంత తొందరగా ఆపిందంటే, నాకు నవ్వొచ్చింది కూడా. ముక్కు తుడుచుకుని, అయితే నాది నీ పోలికేనా అమ్మా అని అడిగింది. అచ్చం నా పోలికే అని అక్క దాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరూ కలిసి నా లెక్కల మీద జోకులు వేశారు. నేనూ నవ్వాను. ఇల్లంతా తేలికపడింది.

అప్పట్నుంచి ఆ మాట ఇంట్లో సామెతలా తిరిగింది. చిట్టికి లెక్క తప్పొస్తే, అమ్మ పోలిక అనేది. ఒప్పొస్తే, ఏదో గుడ్డిలో మెల్ల అనేది. పుస్తకం పక్కన పెట్టినప్పుడల్లా దానికి ఎవరో ఒకరు తోడున్నట్టు ఉండేది. స్కూలయ్యాక ఏం చేస్తావే అంటే, ఇంటి దగ్గర పార్శిల్ ఆఫీసులో మనిషి కావాలట, అందులో చేరతానంది. మరి భూమి కొలవడం ఏమైందని అడిగాను ఈ మధ్యనే. సర్వే కోర్సులో చేరాలంటే లెక్కల పరీక్ష పెడతారు పిన్నీ, మన వల్ల అయ్యే పనా అంది. అంటూ నవ్వింది. దాని స్నేహితురాలు ఆ పరీక్షకి ఫీజు కడుతోందట, తననీ రమ్మని చంపుతోందట, శుక్రవారంతో గడువు అయిపోతుంది, ఆ పీడ వదులుతుంది అని కూడా చెప్పింది. మాట తేలిగ్గానే అంది గానీ, రోడ్డు మీద ఆ మూడుకాళ్ల స్టాండు కనబడితే ఇప్పటికీ ఆగి చూస్తుంది. అది నా కంటపడింది, అక్క కంటా పడింది. అక్క ఒకట్రెండు సార్లు, వెళ్లి చూడరాదూ అని నసిగింది. నువ్వే కదమ్మా చెప్పావు అని చిట్టి అంటే మళ్లీ నోరెత్తలేదు.

ఆ వారమే, బుధవారం, మాస్టారు కళ్లజోళ్ల దుకాణానికి వచ్చారు.

ముసలివారైపోయారు, చేతికర్ర. ఆయన జోడు కాడ వదులై ముక్కు మీదకి జారుతోంది. ముందు గదిలో పనిచేసే పిల్ల ఆయన్ని వెనక గదిలోకి పంపింది. అక్క గుర్తుపట్టి లేచి నిలబడింది, స్టూలు వేసింది. జోడు లేకపోతే ఆయనకి మనిషి ఆనదు. ఎవరమ్మా అని అడిగి, చెబితే విని, ఎంతో సంతోషపడ్డారట. మర తిప్పుతూ అక్క ఏవో మర్యాద కబుర్లు చెబుతోంది. మాటల్లో ఫస్టు సంగతి వచ్చింది. వాడు నీళ్ల బోర్డులో పెద్ద ఇంజనీరు అయ్యాడని అక్క చెప్పింది. మాస్టారు తల ఊపి అన్న మాటలు అక్క నాకు ఒక్క అక్షరం పోకుండా ఒప్పజెప్పింది.

"వాడు బాగానే ఉండేవాడు. కానీ ఆ ఏడు క్లాసు మొత్తం మీద ఫస్టు నువ్వే కదమ్మా. వాడు నీకు చాలా దూరంలో ఉండేవాడు. నీ పేపర్లో రెండు దారుల్లో చేసిన లెక్కలు ఉండేవి, వేరే మాస్టర్లకి కూడా చూపించేవాణ్ని. మరి లెక్కల సెక్షన్లో ఎందుకు చేరలేదు? నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను."

అక్క చేతిలో ఫ్రేము కాడ వేడిగాలికి ఎక్కువసేపు ఉండిపోయి వంకర తిరిగిందట. దాన్ని మళ్లీ చల్లార్చి, మళ్లీ వేడిచేసి సరిచేసింది. మరి నాకెందుకు చెప్పలేదు మాస్టారూ అని అడిగిందట, అదీ నెమ్మదిగా. ఆయన ఏ దాపరికం లేకుండా చెప్పారు. మొదట్లో ఆడపిల్లలు బాగా వెనకబడి ఉండేవాళ్లట. అందరి ముందూ వాళ్ల పేర్లు అట్టడుగున చదవలేక, నొచ్చుకుంటారని విడివిడిగా చదవడం మొదలుపెట్టారట. తర్వాత తర్వాత ఆడపిల్లలు ముందుకొచ్చారు. అప్పుడు కలిపి చదివితే మగపిల్లలు చిన్నబుచ్చుకుంటారని అలాగే ఉంచేశారట. ఎవర్నీ బాధపెట్టడం నాకిష్టం ఉండదమ్మా అన్నారట.

అక్క ఆయనకి జోడు తొడిగింది. చెవుల వెనక వేలు పెట్టి చూసి, నొక్కట్లేదు కదా మాస్టారూ అంది. మెట్ల దాకా చెయ్యిపట్టుకుని దింపి వచ్చింది.

నేనైతే ఆ కర్ర పుచ్చుకుని ఏం చేసేదాన్నో నాకే తెలియదు. మంచివాడట. నాన్నని ఆలోచించుకోండి అన్న సంగతి ఆయనకి గుర్తే లేదు. ఆడపిల్లల్ని నొప్పించకూడదు, మగపిల్లల్ని నొప్పించకూడదు. అందరి నొప్పీ ఆయనకి కావాలి. మధ్యలో మా అక్క బతుకు ఎటు పోయినా ఫరవాలేదు. ఎవరికీ చెడ్డ కాకూడదని చూసేవాడు చేసినంత చెడ్డపని ఇంకెవరూ చెయ్యలేరు. తిడతానని ముందే చెప్పాను కదా. ఇంకా చాలా తిట్టాను, అవన్నీ రాయడానికి పనికిరావు.

ఇవన్నీ అక్క ఆ మధ్యాహ్నం నా దుకాణంలో, జుట్టు కత్తిరించే కుర్చీలో కూర్చుని చెప్పింది. పని వేళ వదిలి రావడం దానికి జన్మలో అదే మొదటిసారి. ఎదురుగా ఉన్న అద్దంలోకి చూస్తూ మాట్లాడింది. అప్పుడే కత్తిరించిన ఎవరిదో జుట్టు దాని కాళ్ల కింద నల్లగా పడి ఉంది, ఊడవడం కూడా మర్చిపోయి నిలబడ్డాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. దాని కళ్లలో ఏదో తొందర ఉంది.

"నాది పోతే పోయింది. చిట్టికి చెప్పాలి. ఇంకా రెండ్రోజులుంది కదే. నాకు లెక్కలొచ్చని తెలిస్తే తనకీ వచ్చని నమ్ముతుంది."

నేను దుకాణం మూసేశాను. ఇద్దరం దాదాపు పరుగెత్తాం. ఇంత వయసొచ్చాక అక్క అలా నడవడం నేను చూడలేదు, వెనకాల నాకు ఆయాసం. రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకుని లాగింది, స్కూలుకి వెళ్లేటప్పుడు లాగినట్టు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, కాలింది అక్క చేతులే గానీ చిట్టివి కావు కదా అనుకున్నాను.

చిట్టి ఇంట్లోనే ఉంది, ఉతికిన బట్టలు మంచం మీద పోసి మడతపెడుతోంది. అక్క చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వెళ్లి, దాని చేతిలో చొక్కా లాగేసి, జరిగిందంతా చెప్పింది. మాటలు తడబడుతున్నాయి. నేను పక్కనుంచి అందిస్తున్నాను. చిట్టి మొదట నమ్మలేదు. తర్వాత కళ్లు ఇంతింత చేసుకుని, నిజంగానా అమ్మా, మొత్తం క్లాసులోనా, ఆ ఇంజనీరు కంటే కూడానా అని అడిగింది. అక్క అవునంటే ఎగిరి దాని మెడ కౌగిలించుకుంది. మా అమ్మ ఫస్టు, మా అమ్మ ఫస్టు అని అక్కని పట్టుకుని గుండ్రంగా తిప్పింది. ఆ పిల్ల సంతోషంలో కల్తీ లేదు. అక్క నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది.

"అందుకే చెబుతున్నా తల్లీ. నేను నీకు చెప్పింది తప్పు. మన ఇంట్లో ఆడవాళ్లకి లెక్కలొస్తాయి. నువ్వు ఆ పరీక్షకి వెళ్లు."

చిట్టి అక్కని వదిలింది. ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. మంచం మీద కూర్చుని, లాగేసిన చొక్కా మళ్లీ తీసుకుంది. అది కోపంగా అనలేదు, నిష్ఠూరంగానూ అనలేదు. ఏదో లెక్క తేలినట్టు అంది.

"అంటే నీకొచ్చు. రానిది నాకొక్కదానికే అన్నమాట."

అక్క కాదు కాదు అంటూ దాని పక్కన కూలబడింది. ఒక్క పరీక్ష పోతే ఏమవుతుంది, నువ్వు బాగానే చేసేదానివి కదా, నేను ఆ మాట అనకపోయి ఉంటే అని ఏవేవో చెప్పింది. నేనూ నా వంతు వాగాను. చిట్టి అన్నీ వింది. చివరికి తల్లి చేతి మీద చెయ్యేసి, ఫరవాలేదమ్మా, ఇన్నాళ్లూ ఇద్దరికీ రాదనుకుంటే అంత బాధ ఉండేది కాదు, ఇప్పుడు కాస్త కొత్తగా ఉంది, అలవాటైపోతుందిలే అంది. అచ్చం అక్క దాన్ని ఓదార్చినట్టే, జుట్టు నిమురుతూ అంది. ఆ చొక్కా మడతపెట్టి దొంతర మీద పెట్టింది.

మర్నాడు అక్క మళ్లీ చెప్పింది. బావ చెప్పాడు, ఆయన అంత పొడుగు మాట్లాడటం నేను విననే లేదు. స్నేహితురాలు ఇంటికొచ్చి పిలిచింది. చిట్టి ఎవరి మీదా విసుక్కోలేదు. నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. నమ్మాలంటే నమ్మే చోటు ఒకటి లోపల మిగలాలి కదా, అది ఆ పిల్లలో ఎప్పుడో పూడుకుపోయింది. శుక్రవారం వచ్చింది, పోయింది. పై సోమవారం చిట్టి పార్శిల్ ఆఫీసులో చేరింది. కొత్త చోట బాగానే ఉందట, కిటికీ పక్కన కుర్చీ ఇచ్చారట.

చిట్టి చేరాక వచ్చిన ఆదివారం అక్క నా దగ్గర జుట్టు కత్తిరించుకోడానికి వచ్చింది. మెడ చుట్టూ గుడ్డ కట్టి, తడి జుట్టు దువ్వుతున్నాను. అక్క అడిగింది.

"ఆ రోజు నేను ఓదార్చకుండా ఊరుకుని ఉంటే, ఏడ్చి ఏడ్చి, మళ్లీ అదే పుస్తకం తీసేదేమో కదే?"

కాదు అనొచ్చు. నీ తప్పేం లేదక్కా, దాని రాత అలా ఉంది అనొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. ఇలాంటి మంచి మాటలతోనే కదా మాస్టారు మా అక్కని కూర్చోబెట్టింది, అక్క చిట్టిని కూర్చోబెట్టింది. నేను దువ్వెన కింద పెట్టాను.

"తీసేది అక్కా," అన్నాను.

అక్క తల ఊపింది. గుడ్డ కిందనుంచి చేతులు బయటికి తీసి ముఖం కప్పుకుంది. నేను దాని భుజాలు పట్టుకుని నిలబడ్డాను, ఊరుకోమని అనలేదు.